సీ, డీ, ఈ, ఎఫ్: మన హార్డ్ డిస్కుల పంపకాల చరిత్ర

మొన్న కోరుట్ల వెళ్ళినప్పుడు మా మేనల్లుడు లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకొని వచ్చి కూర్చున్నాడు. "మామా, సీ డ్రైవ్ ఎర్రగైంది. డీల చానా జాగ ఖాళీగున్నది. రెండూ కలిపియ్యవా?" అన్నాడు. తెలిసినవాళ్ళకి పది నిమిషాల పని. నేను మాత్రం రెండు గంటలు చేశాను. అందులో గంటన్నర డీ లో ఉన్నదంతా ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేసుకోవడానికే పోయింది. వాడు విసుక్కున్నాడు. "యూట్యూబ్‌ల ఐదు నిమిషాల్ల చేస్తున్నరు, నువ్వు సాఫ్ట్‌వేరోనివి, నీకేందే గింత భయం?" అన్నాడు.

భయమే. ఆ భయానికి ఒక చరిత్ర ఉంది, అందులో నా సొంత కథ కూడా కొంచెం ఉంది. రెండూ కలిపి చెప్తాను.

అసలు ముందుగా విడగొట్టింది ఎవరు?

హార్డ్ డిస్కు పుట్టింది 1956 సెప్టెంబరులో. ఐబీఎం వాళ్ళ రామాక్ అనే యంత్రంలో రెండడుగుల వెడల్పున్న పళ్ళేలు 50 పేర్చి పెడితే పట్టింది 50 లక్షల అక్షరాలు. అదే సంవత్సరం నవంబరు 1న ఇక్కడ హైదరాబాదు రాష్ట్రంలోని తెలంగాణ జిల్లాలనూ ఆంధ్ర రాష్ట్రాన్నీ కలిపి ఆంధ్రప్రదేశ్ చేశారు. ఆ విలీనంలో ఏ డేటా పోయింది, ఏది మిగిలింది అన్న చర్చ మనం 58 ఏళ్ళు చేశాం కాబట్టి ఇక్కడ మళ్ళీ మొదలుపెట్టను :) కానీ కలపడం తేలిక, కలిపాక ఎవరి సామాను ఎక్కడుందో తెలియడమే కష్టం అన్న సంగతి మాత్రం గుర్తుంచుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

మన బల్లల మీదికొచ్చిన పీసీల కథ 1983 మార్చిలో మొదలవుతుంది. ఐబీఎం పీసీ ఎక్స్‌టీ లో 10 ఎంబీ హార్డ్ డిస్కు పెట్టి ఇచ్చారు. 10 జీబీ కాదండోయ్, 10 ఎంబీ. అప్పటికే ఏ, బీ అక్షరాలు రెండు ఫ్లాపీలకి పోయాయి కాబట్టి హార్డ్ డిస్కుకి సీ దక్కింది. ఫ్లాపీలు పోయి ఇన్నేళ్ళయినా మన డిస్కు ఇప్పటికీ సీ నుంచే మొదలవుతుంది. చచ్చిపోయిన పెద్దన్నల పేరుమీద రెండు గదులు ఖాళీగా ఉంచినట్టు.

ఆ ఎక్స్‌టీ తో పాటు వచ్చిన డాస్ 2.0 లోనే ఎఫ్‌డిస్క్ అనే ప్రోగ్రాం ఉంది. డిస్కుని ముక్కలు చేసేది అదే. మరీ 10 ఎంబీ డిస్కుని కూడా ముక్కలు చేయాలా? దాని ఉద్దేశం వేరు. ఒకే డిస్కు మీద డాస్ ఒక ముక్కలో, వేరే ఆపరేటింగ్ సిస్టం ఇంకో ముక్కలో ఉండటానికి ఆ ఏర్పాటు. డిస్కులో మొట్టమొదటి సెక్టారు 512 బైట్లు. అందులో 446 బైట్లు కంప్యూటర్ని లేపే చిన్న ప్రోగ్రాంకి, చివరి రెండు బైట్లు గుర్తుకి. మధ్యలో మిగిలిన 64 బైట్లే పంపకాల కాయితం. ఒక్కో ముక్కకి 16 బైట్లు, అంటే నాలుగు ముక్కలకే చోటు. ఈ ముక్క ఎక్కడ మొదలవుతుంది, ఎంత పొడవు, ఏ రకం... అంతే రాసి ఉంటుంది. పట్వారీ దగ్గరుండే పహాణీ లాంటిదన్నమాట. కాయితం మీద గీత మారినంత మాత్రాన పొలంలో పంట మారదు. కానీ ఆ కాయితం చినిగితే ఎవరి పొలం ఏదో తేల్చడం కష్టం.

తర్వాత డిస్కులు పెరిగాయి, డాస్ లెక్క పెరగలేదు. సెక్టార్లని లెక్కపెట్టడానికి 16 బిట్ల సంఖ్య వాడేవాళ్ళు. అంటే 65,536 సెక్టార్లు, ఒక్కోటి 512 బైట్లు, మొత్తం 32 ఎంబీ. అంతకంటే పెద్ద డిస్కు కొన్నవాడు ఇష్టం ఉన్నా లేకపోయినా ముక్కలు చేసుకోవాల్సిందే. 1987లో డాస్ 3.3 లో ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ వచ్చింది. నాలుగు ముక్కల్లో ఒకదాన్ని పెద్ద పెట్టెలా చేసి దానిలోపల డీ, ఈ, ఎఫ్ అని చిన్న పెట్టెలు పెట్టుకోవడం. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా జగిత్యాల, సిరిసిల్ల కంప్యూటర్లలో సీ ఒక్కటే ప్రైమరీ, మిగతావన్నీ ఆ పెట్టెలో ఉండటానికి కారణం ఇదే.

ఫ్యాట్16 చివరికి 2 జీబీ దగ్గర ఆగిపోయింది. అదీ 32 కేబీ క్లస్టర్లతో. అంటే మీరు 2 కేబీ ఉత్తరం రాసుకున్నా డిస్కులో 32 కేబీ చోటు తినేస్తుంది. 1996లో విండోస్ 95 రెండో విడతతో ఫ్యాట్32 వచ్చి ఈ గోల తీర్చింది. ఎన్‌టీఎఫ్‌ఎస్ 1993లోనే ఎన్‌టీ తో వచ్చినా మన ఇళ్ళలోకి వచ్చింది 2001లో ఎక్స్‌పీ తోనే.

మరి 2001 తర్వాత ముక్కలు చేయాల్సిన అవసరం ఏముంది? సాంకేతికంగా ఏమీ లేదు. అయినా మన దగ్గర అసెంబుల్ చేసిన ప్రతి కంప్యూటర్లో సీ, డీ, ఈ, ఎఫ్ ఉండేవి. దానికి కారణం మన బతుకులే. ఒరిజినల్ విండోస్ కొనేవాడు లేడు. పెన్‌డ్రైవులతో, నెట్ సెంటర్లతో వైరస్సులు వచ్చేవి. ఆర్నెల్లకోసారి "ఫార్మాట్ కొట్టుడు" తప్పదు. సీ ఒక్కటి ఫార్మాట్ కొడితే డీ లోని పాటలు, ఫోటోలు పదిలం. అంటే విడగొట్టింది డేటా కాపాడుకోవడానికే. బ్యాకప్ అంటే ఏంటో తెలియని ఊళ్ళలో డీ డ్రైవే బ్యాకప్. తాళం వేసిన అర్ర లాంటిది. అర్ర ఎంత గట్టిదైనా ఇల్లు కూలితే అదీ కూలుతుందని అప్పుడెవరూ ఆలోచించలేదు. డిస్కు ఒక్కటే కదా.

కలిపే మంత్రం

విడగొట్టడం మొదట్నుంచీ ఉంది గానీ, డేటా పోకుండా గీతలు మార్చడం చాలా ఏళ్ళు లేదు. ఎఫ్‌డిస్క్ తో గీత మార్చితే డేటా మీద ఆశ వదులుకోవడమే. 1990ల మొదట్లో లినక్స్ పెట్టుకునేవాళ్ళకోసం ఫిప్స్ అనే ఉచిత ప్రోగ్రాం వచ్చింది. అది ఫ్యాట్ ముక్కని డేటా పోకుండా రెండుగా చీల్చేది, కలపలేదు. 1995లో అమెరికాలోని యూటాకి చెందిన పవర్‌క్వెస్ట్ కంపెనీ పార్టిషన్ మ్యాజిక్ తెచ్చింది. జరపడం, పెంచడం, తగ్గించడం, తర్వాతి వెర్షన్లలో కలపడం... పేరుకి తగ్గట్టు మాయే. 2003లో ఆ కంపెనీని సిమాంటెక్ కొనుక్కుంది, తర్వాత మెల్లగా ఆ మాయ మూలపడింది. ఈలోగా లినక్స్ వైపు గ్నూ పార్టెడ్, 2002లో ఎన్‌టీఎఫ్‌ఎస్ ముక్కల్ని కుదించే ఎన్‌టీఎఫ్‌ఎస్ రీసైజ్, 2004లో బొమ్మలతో పనిచేసే జీపార్టెడ్ వచ్చాయి. జీపార్టెడ్ ఇప్పటికీ ఉంది, ఉచితమే. 2007లో విస్టా తోనే విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్లో కుదించే, పెంచే మీటలు వచ్చాయి.

ఇక్కడ ఒక మాట. కలపడం అంటే రెండు మడుల మధ్య ఒడ్డు తీసెయ్యడం అనుకుంటాం. కాదు. ప్రతి ముక్కకీ సొంత పట్టిక ఉంటుంది. ఫలానా ఫైలు ఫలానా నంబరు క్లస్టర్లో ఉంది అని. ఆ నంబర్లు ఆ ముక్క మొదలు నుంచి లెక్క. ఒడ్డు తీసేస్తే ఈ డ్రైవ్ పట్టికలోని నంబర్లకి అర్థం ఉండదు. పైగా ఫ్యాట్ లో పట్టిక ముక్క మొదట్లోనే, డేటాకి ముందు ఉంటుంది. ముక్క పెద్దదైతే పట్టిక పెద్దది కావాలి, పట్టిక పెరగాలంటే డేటాని వెనక్కి నెట్టాలి. కాబట్టి కలిపే ప్రోగ్రాం నిజంగా చేసేది ఫైళ్ళని ఒక్కొక్కటే మోసుకెళ్ళి పక్కింట్లో ఒక ఫోల్డర్లో పెట్టి, పట్టికలు తిరగరాసి, చివర్లో పహాణీ మార్చడం. ఈ మోత మధ్యలో ఆగిందంటే సగం సామాను ఈ ఇంట్లో, సగం ఆ ఇంట్లో, రెండు పట్టికలూ తప్పు.

ఆగేదెప్పుడు? కరెంటు పోయినప్పుడు. ఇప్పుడు నా కథ.

సిరిసిల్ల, 2007

అప్పుడు నేను ఇంజనీరింగ్ చదువుతున్నా. వేసవి సెలవుల్లో జగిత్యాలలో ఒక కంప్యూటర్ షాపులో పనిచేసేవాణ్ణి. షాపు పేరెందుకు, తప్పు వాళ్ళది కాదు. సిరిసిల్లలో పెళ్ళిళ్ళ వీడియోలు తీసే ఒక అన్న మా దగ్గరే 80 జీబీ డిస్కు కొన్నాడు. మేం అలవాటు ప్రకారం నాలుగు ముక్కలు చేసిచ్చాం. ఒక్కోటి 20 జీబీ లోపే.

మినీ డీవీ క్యాసెట్టు ఒక గంటది కంప్యూటర్లోకి దింపితే 13 జీబీ. పెళ్ళికి మూడు క్యాసెట్లు. ఏ ముక్కలోనూ పట్టదు. పైగా ఫ్యాట్32 లో ఏ ఫైలూ 4 జీబీ దాటకూడదు కాబట్టి దాదాపు 19 నిమిషాలకోసారి వీడియో తెగేది. అన్నకి కావలసింది డీ, ఈ కలిపి ఒక పెద్ద డ్రైవు. షాపు నుంచి నన్ను పంపారు.

ఈ డ్రైవ్లో అప్పుడు రెండే పెద్ద ఫైళ్ళున్నాయి. కోరుట్ల దగ్గరి ఒక ఊళ్ళో అయిన పెళ్ళి. ఒకదాంట్లో తలంబ్రాలు, ఇంకోదాంట్లో అప్పగింతలు. డీవీడీ ఇంకా ఇవ్వలేదు. ఆల్బం ఇచ్చారు, వీడియో డబ్బులు ఇంకా రాలేదు. క్యాసెట్లు? వాటిమీద వేరే పెళ్ళి ఎక్కేసింది. క్యాసెట్టు ధర మిగులుతుందని అందరూ చేసే పనే. ఎఫ్ డ్రైవ్లో 12 జీబీ ఖాళీ ఉంది. ఆ రెండు ఫైళ్ళూ 8 జీబీ. కాపీ చేస్తే పావుగంట పట్టేది.

నేను చేయలేదు. టూల్ చూసుకుంటుంది అనుకున్నా. యూపీఎస్ బ్యాటరీ పోయి చాలా రోజులైంది అని అన్న చెప్పాడు, అయినా ఆగలేదు. అప్లై నొక్కాను.

సిరిసిల్లలో కరెంటు పోతే లైటు చూసి తెలుసుకోనక్కర్లేదు. వీధి వీధంతా మరమగ్గాల చప్పుడు ఉంటుంది, ఆ చప్పుడు ఒక్కసారి ఆగిపోతుంది. ఆ రోజు ఆ నిశ్శబ్దం విన్న క్షణంలోనే నాకు విషయం అర్థమైంది. బయట ఆసాములు, కార్మికులు అరుగుల మీదికొచ్చి బీడీలు ముట్టించారు. కరెంటొస్తే పోగు ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచే మగ్గం మళ్ళీ నడుస్తుంది. డిస్కు అలా కాదు.

కరెంటొచ్చాక డీ తెరుచుకోలేదు, ఈ కనపడలేదు. నా దగ్గరున్న అదృష్టం ఒక్కటే, ఆ డిస్కుని ఇక ముట్టుకోవద్దన్న బుద్ధి పుట్టింది. ఫార్మాట్ చేయమని కంప్యూటర్ అడుగుతుంటే చేయలేదు. డిస్కు ఊడదీసి జగిత్యాల తెచ్చి, ఇంకో డిస్కు పెట్టి, టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాములతో మూడు రోజులు తవ్వాను. ఫోటోరెక్ పట్టికల్ని పట్టించుకోదు, ఫైళ్ళ మొదట్లో ఉండే గుర్తుల్ని బట్టి ఏరుతుంది. తలంబ్రాల ఫైలు మొత్తం దొరికింది. అప్పగింతలది దొరకలేదు. దాన్ని మోస్తున్నప్పుడే కరెంటు పోయింది.

అన్న నన్ను తిట్టలేదు. "పోనీ తమ్మీ, ఉన్నదే ఇద్దాం" అన్నాడు. నేనూ మర్చిపోయాను.

2008 చివర్లో ఆ అన్న ఫోన్ చేశాడు. ఆ పెళ్ళికూతురి తండ్రి మస్కట్‌లో పనిచేసేవాడట. బిడ్డ పెళ్ళికి నెలరోజుల సెలవు మీద వచ్చి, మళ్ళీ వెళ్ళిపోయాడు. ఈసారి శంషాబాద్ విమానాశ్రయానికి పెట్టెలో వచ్చాడు. మా వైపు ఇది కొత్త సంగతి కాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల గల్ఫ్‌కి ఒక్కరినైనా పంపని ఊరు వెతకాలి. ఆ అమ్మాయి స్టూడియోకి వచ్చి ఒకటే అడిగిందట, "మా బాపు ఏడ్సేది అండ్ల ఉన్నదా అన్నా?" అని.

లేదు. తలంబ్రాలలో ఆయన వెనకాల నిలబడి ఎవరితోనో మాట్లాడుతూ ఉంటాడు, ఒకసారి నవ్వుతాడు. అంతే ఉంది. ఆ 19 నిమిషాలు డీవీడీ చేసి ఇచ్చాం. డబ్బులు తీసుకోలేదు.

జిల్లాలు ముక్కలైనప్పుడు

ఈ పార్టిషన్ల సంగతి నాకు మళ్ళీ గుర్తొచ్చింది 2016లో. మా ఉమ్మడి కరీంనగర్ జిల్లా నిజాం కాలంలో ఎలగందుల జిల్లా. 1905లో కేంద్రం కరీంనగర్‌కి మారింది. జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి. జగిత్యాల జిల్లా అయింది, కోరుట్ల అందులోకి వచ్చింది. సిరిసిల్ల మొదటి జాబితాలో లేదు, జనం గట్టిగా కొట్లాడాక చివర్లో రాజన్న పేరుతో జిల్లా అయింది.

మనుషులు ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు, అడ్రసు మారింది. ఏపీ 15 బండి, 2014 తర్వాత కొన్న టీఎస్ 02 బండి, జిల్లా అయ్యాక కొన్న టీఎస్ 21 బండి, 2024 తర్వాత కొన్న టీజీ బండి... నాలుగూ ఒకే ఇంటి ముందు నిలబడి ఉండొచ్చు. పాత నంబర్లు చెల్లవని ఎవరూ అనలేదు, అందుకే ఎవరి బండీ పోలేదు. కానీ గల్ఫ్ వెళ్ళేవాడి పాస్‌పోర్టులో కరీంనగర్, ఆధార్‌లో జగిత్యాల ఉంటే ఆ రెండూ ఒకటేనని వాడే వివరించుకోవాలి.

డిస్కులోనూ అంతే. కలిపాక ఫైలు క్షేమంగా ఉన్నా దాని దారి మారుతుంది. నిన్నటిదాకా డీ లో ఉన్న షాపు లెక్కలు ఇవాళ సీ లో ఒక ఫోల్డరులోపల ఉంటాయి. లెక్కల ప్రోగ్రాం మాత్రం డీ లోనే వెతికి "డేటా లేదు" అంటుంది. చాలామంది అప్పుడే కంగారుపడి మళ్ళీ ఇన్‌స్టాల్ చేసి నిజంగానే పోగొట్టుకుంటారు. పాత అడ్రసుని కొన్నాళ్ళు చెల్లనివ్వాలి, అది కాగితం పెట్టిన ప్రభుత్వమైనా, డిస్కు కలిపిన మనమైనా.

ఇప్పుడు కలపాలంటే

మా మేనల్లుడి దగ్గర నేను చేసింది ఇది, మీకూ పనికొస్తుంది.

1. ముందు డీ లో ఉన్నదంతా వేరే డిస్కులోకి కాపీ. అదే డిస్కులో ఇంకో ముక్కలోకి కాదు, వేరే డిస్కు. కాపీ అయ్యాక ఊరికే చూసి వదిలేయకుండా నాలుగైదు ఫైళ్ళు తెరిచి చూడాలి.

2. బిట్‌లాకర్ ఉందేమో చూసుకొని దాని రికవరీ కీ కాగితం మీద రాసుకోవాలి. డీ లో ఏవైనా ప్రోగ్రాములు ఇన్‌స్టాల్ చేసి ఉంటే ముందే తీసేసుకోవాలి.

3. లాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండా, ఛార్జర్ పెట్టి. డెస్క్‌టాప్ అయితే పనిచేసే యూపీఎస్. ఇప్పుడు మా వైపు కరెంటు అప్పట్లా పోవడం లేదు, అయినా సరే.

4. డిస్క్ మేనేజ్‌మెంట్లో డీ వాల్యూమ్ని డిలీట్ చేసి, సీ మీద ఎక్స్‌టెండ్ వాల్యూమ్. సీ కి ఆనుకొని కుడివైపున్న ఖాళీ మాత్రమే కలుస్తుంది. మీట వెలగకపోతే మధ్యలో రికవరీ ముక్క అడ్డం ఉన్నట్టు, లేదా పాత డిస్కైతే ఆ ఖాళీ ఇంకా ఎక్స్‌టెండెడ్ పెట్టెలోపలే ఉన్నట్టు. దారి దొరకడం లేదని డైనమిక్ డిస్కుగా మార్చమంటే సరేననకండి, తర్వాత వెనక్కి రావడం కష్టం.

5. కాపీ చేసినవి వెనక్కి తెచ్చుకోవాలి. పాత కాపీని కనీసం నెలరోజులు చెరపకండి.

కలిపిచ్చే టూల్స్ చాలా ఉన్నాయి, మంచివీ ఉన్నాయి. డేటా పోదు అని ముందు పేజీలో పెద్దగా రాస్తారు, బ్యాకప్ తీసుకోండి అని లోపల చిన్నగా రాస్తారు. ఆ చిన్న అక్షరాలదే నిజం. ఇంకో మాట, 2007లో నేను తవ్వితే ఒక ఫైలైనా దొరికింది. ఇప్పటి ఎస్‌ఎస్‌డీ లలో ట్రిమ్ అనేది ఉంది. చెరిపిన చోటుని డిస్కు తనే తుడిచేసుకుంటుంది. తర్వాత ఎంత తవ్వినా చాలాసార్లు సున్నాలే వస్తాయి.

ఇదంతా చెప్తే మా మేనల్లుడు "ఐతే మామా, ఆ వీడియో ఇంకా ఉన్నదా?" అని అడిగాడు. ఉంది. ఆ 4 జీబీ ఫైలు నా దగ్గర మూడు డిస్కుల్లో ఉంది. ఎవరైనా అడుగుతారని కాదు, చెరపబుద్ధి కాలేదు. వాడి డీ డ్రైవ్లో ఏముందో కాపీ చేసేటప్పుడు చూశాను లెండి. దోహా నుంచి వాళ్ళ నాన్న పంపిన వాట్సాప్ వీడియోలు, ఆరేళ్ళవి, అన్నీ అందులోనే ఉన్నాయి. వాడికి ఆ సంగతే గుర్తులేదు.